రెండు లక్షలకు మూడు తక్కువ

మౌనిక బాపూ,

ఎట్లా ఉన్నావని రాయబోయి ఆగాను. ఆ మాట నిన్ను అడగొచ్చో లేదో తెలియలేదు. నువ్వు పోయి ఎనిమిది నెలల పదకొండు రోజులైంది. నేను బాగానే ఉన్నాను. మన బిడ్డ మౌనిక కరీంనగర్‌లో అదే దవాఖానలో నర్సు పని చేస్తోంది. సెలవు దొరికిన ప్రతిసారీ బెల్లంపల్లి బస్సెక్కి వస్తోంది. వచ్చి నాకు బీపీ చూసి, వంట బాగాలేదని తిట్టి పోతోంది. అచ్చం నీలాగే.

ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదంటే... నమ్మకం కుదరక. కొంచెం కోపం కూడా ఉందనుకో.

ఎవరైనా అట్లా పోతారా? బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు ఫిట్టర్ పని చేశావు, బాయి నిన్నేమీ చేయలేదు. సెలవు పెట్టి బండేసుకుని కేదార్‌నాథ్ పోయావు, కన్యాకుమారి పోయావు, కచ్ ఎడారి దాకా పోయావు. ఒంటి మీద గీత లేకుండా తిరిగొచ్చావు. నువ్వు ఊళ్లో లేని రోజుల్లో కొత్త నంబరు నుంచి ఫోను వస్తే నాలుగు రింగులయ్యాక గానీ ఎత్తేదాన్ని కాదు. బండి మీదే పోతావని వాడంతా అనుకునేది. దాచడం ఎందుకు, నేనూ అనుకున్నాను.

చివరికి నాలుగు గల్లీల అవతల, కటింగ్ షాపు కుర్చీలో, సగం గడ్డంతో...

షాపతను శంకర్ మన ఇంటికొచ్చి మిగతా సగం గీశాడు. ఏడుస్తూనే గీశాడు. ఒక్క గాటు పడనివ్వలేదు. అది చూస్తూ కూర్చున్నాను తప్ప నాకు ఏడుపు రాలేదు. వచ్చినవాళ్లు నన్ను పట్టుకుని ఊపారు, ఏడవమన్నారు. నా బుర్రలో ఒకటే తిరుగుతోంది: పొద్దున టీ తాగి, చెప్పులేసుకుని, "గిప్పుడే వస్త" అని పోయిన మనిషి...

సరే. నీ బండి సంగతి రాయాలి. ఈ ఉత్తరం దాని కోసమే.

మౌనిక పుట్టిన ఏడాది కొన్నావు దాన్ని. పిల్లకూ బండికీ ఒకే వయసు. పిల్లకు జ్వరమొస్తే నేను లేచేదాన్ని, బండి దగ్గితే నువ్వు లేచేవాడివి. స్క్రూడ్రైవర్ కొసను ఇంజనుకు ఆనించి, పిడిని చెవిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవాడివి. నేను నవ్వితే, "ఇంజన్ అన్నీ చెప్తది రాజీ. మనమే ఇనం" అనేవాడివి. నా మాట ఎన్నడైనా అట్లా కళ్లు మూసుకుని విన్నావా అని దెప్పేదాన్ని.

ఇంకొకటి. నా గోళ్ల రంగు. బిగించిన ప్రతి నట్టు మీదా నా సీసాలోంచి సన్నటి గీత గీసేవాడివి. నట్టు మీంచి పక్కనున్న ఇనుము మీదికి ఒకే గీత. ప్రయాణానికి ముందు బండి చుట్టూ తిరుగుతూ చూసేవాడివి, ఎక్కడైనా గీత విరిగి కనిపిస్తే ఆ నట్టు వదులైనట్టు. మా చెల్లె పెళ్లికి పోతూ సీసా తెరిస్తే అడుగున ఎండిపోయి ఉంది. ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. నువ్వు తాపీగా, "నీకు పది గోర్లే. దానికి నూటపది నట్లున్నయ్" అన్నావు.

ఆ పిచ్చి వల్లే అది ఇన్నేళ్లు నడిచింది, ఒప్పుకుంటాను. చైన్లు ఎన్ని మారాయో, క్లచ్ ప్లేట్లు ఎన్ని మారాయో నాకు తెలియదు. ఇంజను మాత్రం రెండుసార్లే విప్పారు. రెండుసార్లూ మన అరుగు మీదే, నువ్వూ మెకానిక్ ఓదెలూ పాత చీర పరిచి దాని మీద ఒక్కో సామాను వరసగా పేర్చారు. అది నా చీరే.

మొదటి లక్ష గుర్తుందా? నీకు గుర్తుంటుందిలే. నాకే ఈ మధ్య రోజూ గుర్తొస్తోంది.

ఆ మీటరులో ఐదే అంకెలు. లక్ష నిండగానే మళ్లీ అన్నీ సున్నాలవుతాయి. ఆ రోజు ఆదిలాబాద్ నుంచి వస్తున్నావు. మన బెల్లంపల్లి పక్కనున్న తాండూరు దగ్గర టీ కొట్టు ముందుకొచ్చేసరికి మీటరు తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై ఏడు. ఇంకో మూడు కిలోమీటర్లు నడిపితే దారిలోనే సున్నాలు తిరిగిపోతాయి, నేను చూడను. అందుకని బండిని అక్కడే స్టాండేసి, టీ కొట్టాయనకు అప్పగించి, ఆటో ఎక్కి ఇంటికొచ్చావు! నేను జొన్న రొట్టెల పిండి కలుపుతున్నాను. "నడువు, నడువు" అంటావే గానీ ఏమిటో చెప్పవు. ఎవరికో ఏదో అయిందనుకుని పిండి చేతులతోనే ఆటో ఎక్కాను. తీరా అక్కడికి పోయాక, మీటరు తిరగడం చూడాలట!

తిడుతూనే వెనక కూర్చున్నాను. నీ భుజం మీంచి తొంగి చూశాను. మూతబడ్డ బొగ్గుబాయి దాటగానే తొమ్మిదులన్నీ కదిలాయి. ఐదు సున్నాలు. నువ్వు బండి ఆపావు. ముందుకొచ్చి చూస్తే ఏడుస్తున్నావు. నీ తెల్ల చొక్కా వెనకాల నా పది వేళ్ల పిండి అచ్చులు. ఉతికినా సరిగ్గా పోలేదు అవి.

కెరమెరి ఘాటు మీద మనం పడ్డది ఆ తర్వాత నాలుగేళ్లకు. వాన జల్లు, మలుపు, రోడ్డు మీద మట్టి. నీ తప్పు లేదు. ఇప్పుడంటున్నాను... అప్పుడు అనలేదు. నా మణికట్టు విరిగింది, రాడ్డు వేశారు. చలికాలం ఇప్పటికీ గుంజుతుంది. కానీ నొప్పి కన్నా ఇంకొకటి నా లోపల ఉండిపోయింది. పడ్డాక నువ్వు ముందు బండి దగ్గరికి పోయావు. నా దగ్గరికి కాదు. "పెట్రోల్ కారుతుండె రాజీ, నీ పక్కకే వస్తుండె, బందు చేసి వచ్చిన" అన్నావు. నిజమే అయి ఉంటుంది. నిజమే. అయినా నా చేయి వేలాడుతుంటే నువ్వు నా వైపు వీపు పెట్టి ఉన్న ఆ నాలుగు క్షణాలు నాలోంచి పోలేదు.

చేయి బాగయ్యాక వేములవాడ పోయాం. కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిప్పి, కట్టేసి, మొక్కు తీర్చుకున్నాం. బస్సులో తిరిగొస్తుంటే నీకు చెప్పాను, కోడెతో పాటు ఇంకోటి కూడా మొక్కానని. ఇక ఈ జన్మలో ఆ బండెక్కనని రాజన్న దేవుడికి మాటిచ్చానని.

నువ్వు కిటికీ వైపు తిరిగావు. తర్వాత, "రాజన్న మాటకు ఎదురేముంటది. ఎక్కకు" అన్నావు. అంతే. ఆ తర్వాత ఒక్కసారి కూడా బలవంతం చేయలేదు. నేను బస్సులో, నువ్వు బండి మీద. పెళ్లిళ్లకూ చావులకూ అట్లాగే పోయాం. బస్సు వెనకాలే నీ బండి వచ్చేది. నేను కిటికీ పక్క సీటు కోసం కొట్లాడేదాన్ని. ఎందుకో నీకు ఎప్పుడూ చెప్పలేదు.

నువ్వు పోయాక బండి అరుగు పక్కనే ఉంది. ఓదెలు పదిహేను రోజులకోసారి వచ్చి, "నిలవెడితే పాడైతది వదినా" అని కిక్కు కొట్టేవాడు. ఆ చప్పుడు వినగానే నేను వంటింట్లోంచి పరుగున బయటికొచ్చేదాన్ని. ప్రతిసారీ! ఓదెలు అని తెలిసి కూడా. వాకిట్లో నిలబడి, నువ్వు కాదని చూసుకుని, మళ్లీ లోపలికి పోయేదాన్ని. అట్లా ఎన్నిసార్లు పోతావు చెప్పు, ఒక్క మనిషివి?

అందుకే అమ్మేద్దామనుకున్నాను. మౌనిక వద్దంది. నువ్వు దాని మీదే నడపడం నేర్పావు కదా, బండి పక్షాన మాట్లాడింది. నేను వినలేదు.

ఆసిఫాబాద్ అవతలి నుంచి ఒక బడి సారు వచ్చాడు కొనడానికి. దూరాలు తిరిగే మనిషేనట, చాలా ఏళ్ల కింద ఎక్కడో టీ దగ్గర నిన్ను కలిశాడట. ఫోన్లో ఎంత తిరిగిందని అడిగితే, నీ నోట విన్న మాటే చెప్పాను. మీటరు మీద ఎంతుందని ఎవరడిగినా నువ్వు చెప్పేవాడివే, "రెండు లక్షలకు జర తక్కువ" అని. అంతకుముందు దసరాకూ అదే చెప్పావు, మొన్నటి దసరాకూ అదే చెప్పావు. ఏడాదిలో వేలకు వేలు తిరిగే మనిషి, ఎప్పుడడిగినా జర తక్కువ ఎట్లా అవుతుందని నాకు తట్టనే లేదు చూడు...

సారు బండెక్కి అట్లా ఒక చక్కర్ కొట్టి వచ్చాడు. దిగి, మీటరు ముల్లు మీద వేలు పెట్టి, "వైనీ, కాంట కదుల్తలేదు" అన్నాడు, వాళ్లవైపు వదినను అట్లాగే అంటారు. ఓదెలు వంగి, ముందు చక్రం నుంచి మీటరుకు పోయే వైరు చూసి లేచాడు. చేతులు తుడుచుకుంటూ నా వైపు చూడలేదు. సారు కూడా వంగి చూశాడు.

"గిది తెగింది గాదు, పీకింది. తక్కువ తిరిగిందని చూపెట్టుటానికి గిట్లనే పీకుతరు. రెండు లక్షలో మూడు లక్షలో... ఎవలకు ఎరుక?" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు పాపం. బాధగానే అన్నాడు. "కొమురయ్య బండి అని ఇంత దూరం వచ్చిన" అని, హెల్మెట్ పెట్టుకుని పోయాడు.

నేను అట్లాగే నిలబడ్డాను.

నువ్వా? మీటరు వైరు పీకింది నువ్వా?

మన పక్కింటాయన తన బండి అమ్మడానికి మీటరు వెనక్కి తిప్పించుకుంటే, కొనేవాడి ముందే నిజం చెప్పేసిన మనిషివి నువ్వు. పక్కింటాయన ఏడాది పాటు మనతో మాట్లాడలేదు. నేను నిన్నే తిట్టాను, మనకెందుకని. "నోరు లేనిదానితోని అబద్ధం చెప్పియ్యద్దు రాజీ" అన్నావు. ఆ మాట అన్న నోరేనా? మరి నీ బండితో ఏం చెప్పించావు?

ఓదెలు, "వదినా, కొమురన్న గసొంటోడు కాడు. ఏదో ఉంటది" అన్నాడు. ఏముంటుంది? వాణ్ని పొమ్మన్నాను.

రెండు రోజులు నీ ఫొటోతో మాట్లాడలేదు. దీపం పెట్టాను, మొహం చూడలేదు. నవ్వకు. ముప్పై ఏళ్లు ఒకే కంచంలో తిన్నట్టు బతికి, పోయాక ఈ మనిషి నాకు తెలియదేమో అనిపిస్తే ఎట్లా ఉంటుందో నీకు తెలియదు. చావు కన్నా అది గట్టిగా తగిలింది. చావుకు నీ తప్పు లేదు. దీనికి ఉంది అనుకున్నాను.

మూడో రోజు ఓదెలు మళ్లీ వచ్చాడు, సామాన్ల సంచితో. ఎవరికి అమ్మినా, అమ్మకున్నా ఆ వైరు బిగించి పోతానన్నాడు. నేను గడపలో కూర్చుని చూస్తున్నాను. చక్రం దగ్గర ఊడదీసిన వైరు కొసను నువ్వు వేలాడదీయలేదు. ఫోర్కు వెనకాలికి మలిచి, దుమ్ము పోకుండా కొసకు సైకిల్ ట్యూబు ముక్క తొడిగి, దారంతో కట్టావు. ఓదెలు ఆ దారం తెంపబోయాడు.

ఆకుపచ్చ దారం.

"ఆగు" అని అరిచాను. ఎంత గట్టిగా అరిచానంటే వాడి చేతిలో బ్లేడు కింద పడింది.

ఆ దారం నేనిచ్చిందే, మౌనిక బాపూ. నా కుట్టుమిషను మీది దారం. మౌనిక నర్సు కొలువులో చేరడానికి పోతుంటే జాకెట్టు కుట్టగా మిగిలిన రీలు అది. నువ్వు పోవడానికి రెండేళ్ల ముందు. ఆ రోజు పొద్దున్నే బయటికి పోయి వచ్చావు. ఇంజను ఆపకుండానే వాకిట్లో నిలబడి పిలిచావు. "రాజీ, జర వస్తవా? గిక్కడిదాకనే" అన్నావు. నేను బెండకాయలు కోస్తున్నాను. తల కూడా ఎత్తలేదు. మొక్కు సంగతి మరిచావా అన్నాను.

"అవు గద" అన్నావు. ఇంజను చప్పుడు వినపడుతూనే ఉంది. తర్వాత ఆపేశావు. "సరే తియ్యి. తొందరేం లేదు" అన్నావు.

పానా తీసుకుని ముందు చక్రం దగ్గర కూర్చున్నావు. నేను చూశాను. ఎప్పుడూ కూర్చునేదే కదా, ఏదో తుడుచుకుంటున్నావనుకున్నాను. "జర దారం ముక్క ఉంటే ఇయ్యి" అని చేయి చాపావు. రీలు లోంచి మూరెడు తెంపి ఇచ్చాను. నా చేత్తో ఇచ్చాను! ఎందుకని కూడా అడగలేదు.

లేచి మీటరు దగ్గరికి పోయాను. అద్దం మీద దుమ్ము తుడిచాను. ఎనిమిది నెలలుగా ఆ బండి పక్కనుంచే చీపురు పట్టుకుని తిరుగుతున్నాను, ఒక్కసారి చూసినదాన్ని కాదు.

తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై ఏడు.

రెండో లక్షకు మూడు తక్కువ. తాండూరు టీ కొట్టు దగ్గర నువ్వు ఆపిన అంకే.

అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. ఓదెలుకు ఏమీ అర్థం కాలేదు, మంచినీళ్లు తెచ్చిచ్చాడు. నేను చెప్పలేకపోయాను. కాసేపటికి వాడే, సామాన్ల డబ్బా మూత తీసి, "వదినా, గిది చూడుండ్రి" అని పిలిచాడు. మూత లోపలివైపు చుక్కలు. నా గోళ్ల రంగు చుక్కలు. ముందు వరస మెరూన్, తర్వాత మౌనిక తెచ్చిన గులాబీ రంగు, మళ్లీ మెరూన్. వాడు లెక్కపెట్టాడు, నలభై ఒకటి. వైరు పీకాక కొట్టించిన ఒక్కో ట్యాంకు పెట్రోలుకు ఒక్కో చుక్క; నువ్వు పెడుతుంటే వాడు చూశాడట, ఎందుకో ఇప్పుడే అర్థమైందట. ఆయిలు ఎప్పుడు మార్చాలో, చైను ఎప్పుడు చూడాలో ఆ చుక్కల్ని బట్టే చూసుకున్నావట. "మీటరు ఆగినా అన్న తిరిగింది దాయలే వదినా. పదారు వేల కిలోమీటర్ల పైనే. ఎవలన్న కొననీకి వస్తె మూత తీసి చూపెట్టెటోడే" అన్నాడు. అంటూ కళ్లు తుడుచుకున్నాడు, గ్రీజు చేత్తోనే.

నువ్వు అబద్ధం చెప్పలేదు. నిన్ను అనుమానించాను. దానికి కాళ్లు మొక్కుతాను. కానీ ఆగు, ఇంకా అయిపోలేదు. అబద్ధం చెప్పినవాళ్లు వేరే ఉన్నారు.

నేను మొక్కలేదు.

కోడె ఒక్కటే మొక్కాను. బండెక్కనన్న మాట రాజన్నకు తెలియదు. అది బస్సులో కూర్చున్నాక నేను కలుపుకున్నది. భయమేసింది, అది నిజం. భయమని చెబితే నువ్వు నచ్చజెప్పి మళ్లీ ఎక్కిస్తావు. కోపమని చెబితే పెట్రోలు సంగతి మళ్లీ చెబుతావు, నేను ఒప్పుకోవాల్సి వస్తుంది. దేవుడి పేరు చెబితే నువ్వు మాట్లాడవని తెలుసు. మన దగ్గర మొక్కంటే ఎవరు మాత్రం ఎదురు మాట్లాడతారు? అందుకని రాజన్నను అడ్డం పెట్టుకున్నాను. ఒక్కరోజు చెప్పి ఊరుకుందామనుకున్నాను. చెప్పిన అబద్ధాన్ని వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో... ఏడాది దాటితే అది నిజం లాగే ఇంట్లో తిరుగుతుంది. చివరికి నేనే నమ్మాను.

ఇప్పుడొకటి అడుగుతాను. మూడు రోజులుగా నన్ను తినేస్తోంది.

మొక్కు నిజమని నువ్వు నమ్మి ఉంటే, ఆ వైరు ఎందుకు పీకావు? జన్మంతా ఎక్కనని దేవుడికి మాటిచ్చిన మనిషి కోసం ఎవరైనా మీటరు ఆపుకుంటారా? ఎప్పటికీ రాదని తెలిస్తే, సున్నాలు తిరిగిపోనిచ్చేవాడివి కదా. నువ్వు ఆపావంటే... వస్తానని అనుకున్నావంటే...

నీకు తెలుసా?

ఎప్పటి నుంచి తెలుసు? బస్సులోనే తెలుసా? "రాజన్న మాటకు ఎదురేముంటది" అని కిటికీ వైపు తిరిగింది అందుకేనా? నవ్వు దాచుకున్నావా, కన్నీళ్లు దాచుకున్నావా? ఇంజను గొంతు తేడా వస్తే కళ్లు మూసుకుని పట్టేవాడివి. నా గొంతు పట్టలేవా నువ్వు...

తెలిసీ ఒక్క మాట అనలేదు. ఏడేళ్లు నా అబద్ధాన్ని నా కోసమే కాపాడావు. అందులో రెండేళ్లు కాంట లేని బండి మీద తిరిగావు. ఎంత వేగంగా పోతున్నావో కూడా చూసుకోకుండా, ఆ లారీల మధ్య! దానికి మాత్రం తిడతాను, ఒప్పుకోను. మీటరు తిరిగితే తిరిగేది. నీకేమైనా అయి ఉంటే?

అదీ ఇదీ ఏమీ కాలేదు. నీకు అయింది కుర్చీలో.

ఆ రోజు తల ఎత్తి ఉంటే. బెండకాయల పళ్లెం పక్కన పెట్టి, మూడు కిలోమీటర్లు... ఎంత సేపు? పది నిమిషాలు. పది నిమిషాలు నీకివ్వలేకపోయాను. ఇప్పుడు రోజంతా ఖాళీనే.

రెండు రోజుల తర్వాత బడి సారుకు ఫోను చేశాను. నువ్వు మోసం చేయలేదని చెప్పాను, చుక్కల సంగతి చెప్పాను, మీటరు ఎందుకు ఆపావో కూడా చెప్పేశాను. ముక్కూ మొహం తెలియని మనిషికి, చూడు. అతను అంతా విన్నాడు. ఆఖరికి, "వైనీ, గట్లయితె నాకైతే అమ్మకుండ్రి. ఎవలకూ అమ్మకుండ్రి" అన్నాడు. అమ్మడం లేదని చెప్పడానికే చేశానన్నాను.

నిన్న మౌనిక వచ్చింది. దానికి అంతా చెప్పాను, మొక్కు సంగతితో సహా. తిడుతుందనుకున్నాను. లేచి పోయి బండి వెనక సీటు తడిగుడ్డతో తుడిచింది. తుడిచిందే తుడిచింది, చాలాసేపు.

నిన్న సాయంత్రమే ఓదెలు బండిని తాండూరు టీ కొట్టు దాకా నడిపి తీసుకుపోయాడు. వైరు బిగించకుండానే. ఒక్క అడుగు దూరం కూడా వృథా కాకూడదని వాడి పట్టుదల. పొద్దున అక్కడే బిగిస్తానన్నాడు. ఎవరూ ఎక్కకుండా, ఎవరూ తోయకుండా బండి పక్కనే కూర్చుని ఉంటాడట. ఆ పాత టీ కొట్టాయన లేడు, కొడుకు నడుపుతున్నాడు. అతనికి నువ్వు గుర్తున్నావు.

మౌనిక నడుపుతుంది. వెనక నేను కూర్చుంటాను. మూతబడ్డ బాయి దాకా మూడు కిలోమీటర్లు.

నాకు భయంగా ఉంది. పొద్దుటి నుంచి మణికట్టు గుంజుతోంది, చలి కూడా లేదు. మలుపు దగ్గర కళ్లు మూసుకుంటానేమో. సున్నాలు తిరిగేటప్పుడు మాత్రం మూసుకోను. పిల్ల భుజం మీంచి తొంగి చూస్తాను. నీ భుజం కన్నా దాని భుజం తక్కువ ఎత్తే, బాగా కనిపిస్తుంది.

ఇంకో మాట. ఈసారి నిజంగానే మొక్కాను, రాజన్న ఫొటో ముందు, మౌనిక సాక్షిగా. ఆ వైరు ఇక ఎవరినీ పీకనివ్వను. వచ్చే నెల వేములవాడ పోయి కోడె కడతాను, ఆయన పేరు మీద చెప్పిన అబద్ధానికి. బస్సులో కాదు.

ఆటో వచ్చింది. మౌనిక వాకిట్లోంచి అరుస్తోంది, "అవ్వా, ఇంకా ఏం రాస్తున్నవే" అని. పొద్దున రొట్టెల పిండి కలిపాను, మూత పెట్టి ఉంచాను, తిరిగొచ్చాక చేస్తాను.

ఈసారి చేతులు కడుక్కున్నాను. వస్తున్నా.

నీ
రాజి